పియానో చక్రాల కింద నిమ్మకాయలు

మా జిల్లా బండ్ల నంబర్లు ఏపీ నుంచి టీఎస్‌కు మారిన ఆ రోజుల్లో మా ఇంట్లో రెండు సంగతుల మీదే మాటలు నడిచేవి. ఒకటి, టీఎస్ సున్నా అయిదు అని ముఖాన రాసుకుని దిగిన మా బాపు కొత్త లారీ. రెండోది, నేను నేర్చుకుంటున్న పియానో. లారీ గురించి ఇంట్లో అందరికీ అన్నీ తెలుసు కాబట్టి ఎవరూ పెద్దగా మాట్లాడేవారు కాదు. పియానో గురించి ఎవరికీ ఏమీ తెలియదు కాబట్టి ప్రతివాళ్లూ మాట్లాడేవారు. నాకు మాత్రం అన్నీ తెలుసనే నమ్మకం ఉండేది. పదిహేడేళ్లప్పుడు తెలియనిదంటూ ఏముంటుంది, ఆ తర్వాతే కదా ఒక్కొక్కటీ తెలియకుండా పోయేది.

మాది చిట్యాల. బాపు ఇరవై ఏళ్లు పరాయి లారీలు నడిపి, చివరికి తన లారీ కొనుక్కున్నాడు. నేను ఎనిమిదో తరగతి నుంచి నల్లగొండలో చదివాను. అక్కడ లెక్కల ట్యూషన్ కోసమని ఒక రిటైరైన మాస్టారింటికి పంపారు. ఆయన ఆదివారాలు చర్చిలో వాయించేవారు. ఇంటి ముందుగదిలో గోడకు ఆనించి ఒక నిలువు పియానో ఉండేది, బీరువాకు పళ్లు వచ్చినట్టు. మొదటిరోజే సారు లోపలికి వెళ్లినప్పుడు ఒక మెట్టు నొక్కాను. ఆ మోత ఆగేదాకా అలాగే నిలబడిపోయాను. లెక్కలకని పోయి పియానోలో పడ్డాను (లెక్కలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి). పాఠం చెబుతున్నంతసేపూ ఆయన పెన్సిల్‌తో పియానో మూత మీద టక్‌టక్‌మని తాళం కొట్టేవారు. అందుకే మా అందరికీ ఆయన టక్‌టక్ సారు. ఇంట్లో పియానో లేదు గనుక నేను చెక్కపలక మీద బొగ్గుతో మెట్లు గీసుకుని సాధన చేసేదాన్ని. మా అవ్వ వాకిట్లోకి వచ్చినవాళ్లందరికీ గొంతు తగ్గించి చెప్పేది: "పిల్ల ఉత్త చెక్క మీద ఏళ్లాడిస్తాంది. ఎవని కన్ను వడ్డదో ఏమో."

ఇంటర్ రెండో ఏడు పరీక్షలయ్యాక సారు ఒక కబురు చెప్పారు. హైదరాబాదులో పియానో నేర్పే పెద్ద సంగీత కళాశాల ఒకటుంది. అంతకుముందే సారు దగ్గర నేర్చుకున్న ఇద్దరు అందులో చేరారు. వాళ్లిద్దరూ, చేరాలనుకుంటున్న నేనూ ఒక డాక్టరు గారబ్బాయీ కలిసి నల్లగొండలో ఒక కచేరీ చేస్తే, ఆ కళాశాల మేడమ్ స్వయంగా వచ్చి వింటారు, నచ్చితే సీటు ఇస్తారు. ఈ మాట ఇంట్లో చెప్పాను. అమ్మ బాపు వైపు చూసింది. బాపు అప్పటికే నాకు బీఎస్సీ అని మనసులో రాసిపెట్టుకున్నాడు. చాలాసేపు గడ్డం గోక్కుని అన్నాడు: "పట్నం పంపుడా, బీఎస్సీల ఏసుడా, నేను ఇన్నంక చెప్త. నాకైతే గిదంత తెల్వది. జర ఇననియ్యి." అంటే నాకు రెండు పరీక్షలన్నమాట. ఒకటి మేడమ్ పెట్టేది, రెండోది బాపు పెట్టేది. మేడమ్ పరీక్షకు భయం వేయలేదు. డీజిల్ ఇంజన్ తప్ప మరో మోత వినని మనిషికి మూడు భాగాల పాశ్చాత్య సంగీతం ఎలా నచ్చుతుందన్నదే నా దిగులంతా.

కచేరీకి ఒక పెళ్లిళ్ల ఫంక్షన్ హాలు దొరికింది. పియానోను సారు ఇంటి నుంచి అక్కడికి చేర్చే పని బాపు తీసుకున్నాడు. లారీలో వరిగడ్డి పరిచి, పరుపులు వేసి, తాళ్లతో కట్టి, కిలోమీటరు దూరానికి అరగంట నడిపాడు. కోడిగుడ్ల లోడు కూడా అంత పదిలంగా తోలి ఉండడు. దించేటప్పుడు ఆయన కన్ను పియానో అడుగున పడింది. నాలుగు ఇత్తడి చక్రాలు. బాపు ముఖం ఒక్కసారిగా వెలిగింది. అప్పటిదాకా పరాయిగా ఉన్న వస్తువు ఆయనకు చుట్టమైంది.

"అరె, దీనికి చక్రాలున్నయే!" అన్నాడు తన తమ్ముడు, మా చిన్నబాపుతో. "చక్రాలున్నయంటె బండే. బండంటె పూజ గావాలె. మొదటిసారి రోడ్డెక్కింది, ఉత్తగెట్ల నడుపుతరు?"

చిన్నబాపు పరుగున వెళ్లి కొబ్బరికాయ, నిమ్మకాయలు, పసుపు కుంకుమ తెచ్చాడు. సారు అప్పటికి మేడమ్‌ను తీసుకురావడానికి బస్టాండుకు వెళ్లారు. ఆ హాలు వేదికను కడిగితే నీళ్లు నిలవకూడదని ముందుకు కొంచెం వాలుగా కట్టారు. అందుకని సారు వెళ్లేముందు పియానోను ఒక కొస జనం వైపు ఉండేలా నిలిపించి, చక్రాలకు నాలుగు అడ్డుచెక్కలు పెట్టించారు. ఇప్పుడా చెక్కలు ఉంటే నిమ్మకాయలకు జాగా లేదు. బాపు నన్ను అడిగాడు: "బిడ్డా, గీ చెక్కలు తియ్యొచ్చా?"

నేనప్పుడు ఏం చేస్తున్నానో నిజం చెప్పాలి. పెళ్లికూతురి గదిలో అద్దం ముందు నిలబడి, స్నేహితురాలిని అడిగి తెచ్చుకున్న నల్లబూట్లు కాలికి ఎక్కించుకునే తంటాలో ఉన్నాను. మేడమ్ వచ్చేలోపు ఈ కొబ్బరికాయల సంబరం అయిపోతే చాలునని నా ప్రాణం కొట్టుకుంటోంది. "ఏమన్న చేసుకో బాపూ, జల్ది చెయ్యి!" అని అరిచాను. నేను చేసిన తప్పుల్లో దీన్ని రెండో స్థానంలో వేసుకుంటాను. మొదటిది కాసేపట్లో వస్తుంది.

చెక్కలు తీశారు. నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టారు. బాపు, చిన్నబాపు కలిసి "హుప్" అని పియానోను జానెడు ముందుకు నూకారు. నిమ్మకాయలు చక్కగా చితికాయి. కొబ్బరికాయ బయట కొట్టారు (నీటిచుక్క కూడా తగలొద్దని సారు చెప్పిన మాట బాపుకు గుర్తుంది). మెట్టుకో బొట్టు పెడతానని అవ్వ బయలుదేరితే, చేతులు పట్టుకుని రెండు కొసలకు చెరొకటితో ఒప్పించాను. చిన్నబాపు చెక్కలు మళ్లీ పెట్టబోతే అవ్వే ఆపింది: "పూజైన బండికి అప్పుడే అడ్డం వెడ్తరారా? పని అడ్డం వడ్తది." అందరూ నిజమే అన్నారు. ఇంతలో డెకరేషన్ వాళ్లు వచ్చి పియానో చుట్టూ కింద గులాబీ రంగు కుచ్చుల గుడ్డ కట్టేశారు. ఇక చక్రాలేవో, నిమ్మకాయలేవో ఎవరికీ కనపడలేదు.

మేడమ్ వచ్చారు. చేనేత చీర, పొట్టి జుట్టు, తూచినట్టు మాట. పియానో మీద పసుపు చూసి సారు ముసిముసిగా నవ్వారు. మేడమ్ చూపు మాత్రం వేదిక మెట్ల దగ్గర ఖాకీ చొక్కాతో కూర్చుని తాళ్లు చుడుతున్న బాపు మీద పడింది. "ఆయన ఎవరు?" అని నన్నడిగారు.

"పియానో తెచ్చిన లారీ డ్రైవర్ మేడమ్" అన్నాను.

అబద్ధం కాదు. అందుకే ఇంకా సిగ్గుగా ఉంటుంది, అబద్ధమైతే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. బాపు వీపు అటు తిరిగి ఉంది, తాళ్లు చుడుతూనే ఉన్నాడు. వినపడలేదులే అనుకుని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత మా వాళ్లందరినీ అయిదో వరుసలో కూర్చోబెట్టాను. ముందు వరుసలు పెద్దమనుషులకని చెప్పాను.

కచేరీ మొదలైంది. మొదట కళాశాల విద్యార్థులిద్దరూ వాయించారు, నెమ్మదిగా, నీళ్లు పారినట్టు. తర్వాతి వంతు ఆ డాక్టరు గారబ్బాయిది, అతనూ మెత్తగానే వాయించాడు. చితికిన నిమ్మతొక్కలే చక్రాలకు బ్రేకులై ముగ్గురినీ కాపాడాయని అప్పుడెవరికీ తెలియదు. నాలుగోదాన్ని నేను. నా పాటలో మొదటి రెండు భాగాలు నెమ్మదివి, మూడోది రెండు చేతులతో మోది వాయించేది. ఆ మూడో భాగం అందుకుని నాలుగు మోతలు మోదానో లేదో, కుడిచేయి తప్పు మెట్టు మీద పడింది. సర్దుకున్నాను. మళ్లీ తప్పింది. అయిదేళ్ల సాధన వేళ్లలోంచి కారిపోతోంది అనుకున్నాను. తీరా చూస్తే వేళ్లు ఉన్నచోటే ఉన్నాయి, పియానోనే పోతోంది. నిమ్మరసం పూసుకున్న చక్రాల మీద, వాలు పట్టుకుని, కుచ్చుల గుడ్డ ఈడ్చుకుంటూ, తాపీగా జనంలోకి బయలుదేరింది.

లేచి ఆపాలని నాకు తట్టలేదు. వాయించడం మధ్యలో ఆపితే సీటు పోతుందన్నదొక్కటే బుర్రలో ఉంది. అందుకని పియానో ఎటు పోతే అటు స్టూలు మీద జరుగుతూ వాయించాను. స్టూలు అయిపోయింది. లేచి నిలబడి, పక్కకు అడుగులేస్తూ వాయించాను, నల్లబూట్లు కరుస్తుంటే. ముందు వరుస పెద్దమనుషులు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. ఎవరో నవ్వారు. టక్‌టక్ సారు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయారు. అప్పుడు అయిదో వరుస నుంచి ఖాకీ చొక్కా ఒకటి పరుగున వచ్చి, వేదిక మీదికి ఎగిరి, పియానో కొసకు వీపు ఆనించి, కాళ్లు రెండూ వేదిక అంచున డెకరేషన్ కోసం పాతిన ఇనుప గుంజలకు తన్నిపట్టి కూర్చుంది. పియానో ఆగిపోయింది.

"నేను వట్టుకున్న" అన్నాడు బాపు, ఎటో చూస్తూ, గట్టిగా. "ఫికర్ చెయ్యకు బిడ్డా. నువ్వు నడుపు."

హాలంతా విన్నది. మేడమ్ కూడా విన్నారు. లారీ డ్రైవర్ నన్ను బిడ్డా అన్నాడు. నా ముఖం కాలిపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, మెట్లు కనపడలేదు. కనపడకపోయినా బొగ్గు పలక మీద నేర్చుకున్న వేళ్లకు దారి తెలుసు. చివరిదాకా నడిపాను. అంతసేపూ బాపు కళ్లు మూసుకుని, తల పియానో చెక్కకు ఆనించి, నొక్కి పట్టుకునే ఉన్నాడు.

చప్పట్లు ఆగాక మేడమ్ వేదిక ఎక్కారు. నావైపు కాదు, ముందు బాపు వైపు వెళ్లారు. "విన్నారా? ఎలా ఉంది?" అని అడిగారు. బాపు లేచి చేతులు దులుపుకున్నాడు. "కుర్చీల కూసున్నప్పుడు ఏం తెల్వలేదు మేడం. ఆనుకుంటె తెలిసింది. లోపల మస్తు పని జరుగుతాంది." ఇంజన్ గురించి చెప్పేటప్పటి గొంతుతో అన్నాడు: "గని ఎడమదిక్కు లోపల ఏందో లొడలొడమంటాంది. గట్టిగ కొట్టినప్పుడల్ల. జర ఇప్పి చూడుండ్రి." సారు అనుమానంగానే పియానో కిందిపలక విప్పి చెయ్యి పెట్టారు. లోపలి నుంచి ఆయన పెన్సిల్ బయటికి వచ్చింది, రెండేళ్ల కిందట పోయినది. ఆ లొడలొడ ఏమిటో తెలియక ఆయన రెండేళ్లుగా తల పట్టుకుంటున్నారట. అప్పుడు నవ్వారు మేడమ్. "పియానో వెళ్లిపోతుంటే వెంట వెళ్లింది గానీ వాయించడం ఆపలేదు. అది మేం నేర్పగలిగేది కాదు. మిగతాది నేర్పుతాం, పంపించండి" అన్నారు. బాపు తాళ్లు తీసుకుని పియానో వైపు నడిచాడు.

పొద్దు గుంకేవేళకు పియానోను సారు ఇంట్లో దించి బయలుదేరాం. లారీలో బాపు పక్కన కూర్చున్నాను. నార్కట్‌పల్లి దాకా, మేడమ్‌తో నేనన్న మాట ఎలా ఒప్పుకోవాలా అని మాటలు కూర్చుకున్నాను. హైవే ఎక్కాక బాపే అన్నాడు: "హాస్టల్ల బియ్యం ఎట్లుంటయో ఏమో. మనింటియి ఒక బస్త ఏస్కపో." అలా నేను పట్నం చేరాను.

ఇప్పుడు నేనే పిల్లలకు పియానో నేర్పుతున్నాను. మొన్నామధ్య మా విద్యార్థుల కచేరీకి బాపు వచ్చాడు, అదే ఖాకీ చొక్కాతో (చెప్పినా మార్చడు, ఇప్పుడు నేను చెప్పను కూడా). మొదటి వరుసలో మధ్య కుర్చీలో కూర్చోబెట్టాను. కూర్చోలేదు. తిన్నగా వేదిక ఎక్కి, వంగి పెద్ద పియానో చక్రాలు చూశాడు.

"నిమ్మకాయలు?"

"పొద్దుగాలనే పెట్టి తొక్కిచ్చిన బాపూ."

"చెక్కలు?"

"వీటికి బ్రేకులే ఉన్నయి. ఏసిన."

నమ్మకం కుదరక పాదంతో ఒకసారి నూకి చూసి, పియానో చెక్క మీద అరచెయ్యి ఆనించి అక్కడే నిలబడ్డాడు. మొదటి వరుసలో ఒక పిల్లవాడి తల్లి కుతూహలంగా అడిగింది: "మీరెవరండీ?"

బాపు నావైపు చూశాడు. మీసాల కింద నవ్వు దాచుకుంటూ, "పియానో తెచ్చిన లారీ డ్రైవర్ని" అన్నాడు.

ఇన్నేళ్లూ వినపడలేదనే అనుకున్నాను. మైకు అందుకుని, కార్యక్రమంలో లేని మాట ఒకటి ముందుగా చెప్పాను. ఈయన మా బాపు అని, లారీ నడుపుతాడని, ఈయన పట్టుకోబట్టే నేను వాయించానని. ఆ పదిహేడేళ్ల పిల్ల కరిచే బూట్లతో ఎక్కడో నిలబడి విన్నదనుకుంటాను. బాపు మాత్రం విననట్టే చక్రాల వైపు చూస్తున్నాడు. ఆయనకు చిన్న స్టూలు ఒకటి తెప్పించి, పియానో పక్కనే వేయించాను.