మూడని రాసి ఒకసారి కడిగిన ముక్క

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో నన్ను ఏలూరులోని ఒక వైద్య కళాశాల ల్యాబులో, పద్మజ మేడం పరిశోధనకు వేశారు. హోదా ల్యాబ్ అటెండరు, అదీ కాంట్రాక్టు మీద. ఎనిమిదో తరగతి నన్ను వదిలించుకున్నాక చదువు మొహం మళ్లీ చూసింది అక్కడే.

తాడేపల్లిగూడెంలో ఆపరేషను చేసి తీసిన క్యాన్సరు గడ్డలోంచి చిన్న ముక్కను ఐసులో పెట్టి రైల్లో తేవడం నా పని. మేడం అందులో కెటలేజ్ కొలిచేవారు. కణంలో పుట్టే పెరాక్సైడు విషాన్ని నీరుగా, ఆక్సిజనుగా విరగ్గొట్టే ఎంజైము అది. క్యాన్సరు కణం దాన్ని ఎంత దాచుకుందో తెలిస్తే, మందు దెబ్బను ఎంత కాచుకోగలదో అంచనా దొరకవచ్చని ఆవిడ ఆశ. చిక్కేమిటంటే, నెత్తురులోని ఎర్రకణాల్లోనూ కెటలేజ్ దండిగా ఉంటుంది. అందుకని ముక్కను చల్లటి సెలైనులో మూడుసార్లు కడిగాకే ట్యూబులో వేయాలి.

ఆ రోజు రైలుకు వేళ మించిపోతోంది. ఒక్కసారి కడిగి, రిజిస్టరులో "మూడు" అని రాసి పరిగెత్తాను. భీమడోలులో ఎక్కిన చేపలావిడ నా థర్మోకోల్ పెట్టె వంక చూసింది.

"ఏవండీ, కొల్లేటి సరుకేనా?"

క్యాన్సరంటే లాటిన్‌లో పీతేనని మేడం చెప్పిన మాట గుర్తొచ్చింది. "పీతండీ. పట్టుకుంటే వదలదు."

"అయితే మూత గట్టిగా బిగించండి. మా చేపల మీదకొస్తే మీదే పూచీ!"

మర్నాడు ఆ ముక్కలో కెటలేజ్ మిగతా గడ్డలకు ఎన్నో రెట్లు వచ్చింది. "ఈ గడ్డ కథే వేరండీ!" అని మేడం సంబరపడి, మధ్యాహ్నం సెమినారు స్లైడులోకి ఎక్కించేశారు. నా కాంట్రాక్టు పొడిగింపు కాగితం సంతకం కోసం ఆవిడ బల్ల మీదే ఉంది. నోరు విప్పితే నా ఉద్యోగం, విప్పకపోతే ప్రొఫెసర్ల ముందు ఆవిడ పరువు. గాజు సామాను తోమిందే మళ్లీ తోముతున్నాను. సెమినారుకు పది నిమిషాలుందనగా వెళ్లి చెప్పేశాను.

ఆవిడ కొలత కోసం ముక్కలో కొంత నూరగా మిగిలిన ద్రవాన్ని తీసి కిటికీ వెలుగులో పట్టుకున్నారు. లేత ఎరుపు.

"మిగిలిన ముక్క ఇప్పుడు కడగనాండీ?"

"డీప్ ఫ్రీజరులో పెట్టేశాం కదండీ. ఎర్రకణాలు పగిలి, వాటి కెటలేజ్ ముక్కంతా ఇంకిపోయుంటుంది, ఎంత కడిగినా లాభం లేదు. మనకోసం ఆ పేషెంటు మళ్లీ ఆపరేషను చేయించుకోరుగా?"

స్లైడులో ఆ వరుస తీసేసి వెళ్లారు. నా కాగితం మీద సంతకం వారం తర్వాత పడింది. రిజిస్టరు మాత్రం మూడు నెలలు నా చేతికి ఇవ్వలేదు.

ఆ తర్వాత పని విరమించేదాకా ఎన్నిసార్లు కడిగితే అన్నే రాశాను. ఒకసారి అని రాసిన ముక్కను లెక్కలోంచి తీసేయొచ్చు. మూడని రాస్తే, తీసేయాలని ఎవరికీ తెలియదు.