మోచేతి లోతు

మా వదినకి నోరు పెద్దది, చేతులు పొడుగు. చెరువు కౌలుకి తీసుకుని చేపపిల్లల్ని పెంచడం ఆవిడ పని. నీళ్లలో మేత తయారైందో లేదో చేత్తోనే చూస్తుంది. అరచెయ్యి చాచి మోచేతి వరకూ ముంచుతుంది. మోచెయ్యి మునిగేసరికి అరచెయ్యి కనబడకపోతే నీళ్లు పండినట్టు. అంటే పచ్చటి పాచి, దాన్ని తిని బతికే కంటికి ఆనీ ఆనని పురుగులు నిండుగా ఉన్నట్టు. చేపపిల్లలకి అవే పాలు, అవే బువ్వ.

చెరువు పక్కనే ఇనుము కరిగించే ఫ్యాక్టరీ. అన్నయ్య అందులో కొలిమి దగ్గర పనిచేస్తాడు. మేముండేది ఆ ఫ్యాక్టరీవాళ్లిచ్చిన రెండు గదుల్లోనే. కిటికీ తీస్తే మసి, మూస్తే ఉక్క. నేను కుట్టే తెల్లబట్టల మీద మసి పడితే ఆ పొగగొట్టాన్ని నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. "నా చెరువు నాకుందమ్మా, నీలా గొట్టంతో పోట్లాడే ఖర్మ నాకేం?" అని వదిన వెక్కిరించేది.

రెండో గొట్టం లేచాక ఆ వెక్కిరింతలు పోయాయి. వదిలిన పిల్లలు వదిలినట్టే చచ్చేవి. ఈసారి కూడా చస్తే చెరువు ఇంకొకళ్లకిస్తానని చెరువుగలాయన మొహం మీదే చెప్పేశాడు. చెరువు పోతే వదినకి మిగిలేది ఫ్యాక్టరీలో బొగ్గు ఏరే పని. ఆ మాటెత్తితే చాలు, ఆవిడ అన్నం ముందునుంచి లేచిపోయేది.

ఒక పొద్దున్న తడిచేత్తో పరిగెత్తుకొచ్చింది. "అమ్మాయ్! నీళ్లు పండాయే! ఇంత తొందరగా ఎప్పుడూ పండలేదు!" నేనూ వెళ్లి చూశాను. నిజమే, మోచేతి దగ్గరికొచ్చేసరికి అరచెయ్యి మాయం. పొగ కమ్మిన ఆ వెలుతురులో పచ్చకీ నలుపుకీ తేడా ఏం తెలుస్తుంది? సంబరంగా పిల్లల్ని వదిలేసింది.

కొద్దిరోజులకే అవి గట్టువారగా తేలాయి, పొట్టలు వెన్నుకంటుకుపోయి. వదిన గాజుగ్లాసుతో నీళ్లు ముంచి ఎండకెత్తింది. మంచి నీళ్లలో అయితే సన్నటి నలుసులు గెంతుతూ ఉంటాయి. ఇందులోనూ నలుసులున్నాయి కానీ గెంతలేదు. మెల్లగా దిగి గ్లాసు అడుగున నల్లగా కూర్చున్నాయి.

"ఇది పాచి కాదే. మసి," అంది.

వెలుతురు లోపలికి దిగక పాచి పెరగలేదు. పాచి లేక పురుగులు బతకలేదు. పురుగుల్లేక పిల్లలు ఆకలికి మాడి చచ్చాయి. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం అన్నయ్య రాగానే ఎగిరాను. "పద, ఫిర్యాదు చేద్దాం! చూస్తూ ఊరుకుంటావా?"

అన్నయ్య చొక్కా విప్పుతూ ఆగాడు. "ఎవరి మీద చేస్తావే? ఆ కొలిమిలో బొగ్గు వేసేది నేనే. నువ్వు నిలబడ్డ గచ్చు కూడా వాళ్లదే."

ఒళ్లు మండిపోయింది. వదిన ఆ గాజుగ్లాసు కడిగి బోర్లించింది.

చెరువు చెయ్యి జారాక, బొగ్గు ఏరడానికి వెళ్లిన మొదటిరోజు వదిన ఇంటికొచ్చి నీళ్లతొట్టి దగ్గర కూర్చుంది. మొహం కడిగింది, చేతులు రుద్దింది, తొట్టిలో నీళ్లు నల్లబడ్డాయి. తర్వాత అలవాటు కొద్దీ అరచెయ్యి చాచి నీళ్లలోకి మోచేతి దాకా దించింది.

"చూడవే, అమ్మాయ్," అంది. "ఎంత బాగా పండాయో."

నవ్వబోయాను. ఆవిడ చెయ్యి బయటికి తియ్యలేదు.