పూల షీటు పరిచిన దవాఖానా బండి

ఆ రోజుల్లో, అంటే రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఏ చోటుకైనా రెండు పరదాలు, నాలుగు పూలు తగిలిస్తే చాలు, మనుషులు పిలవకుండానే వస్తారని. (కారేపల్లిలో మా రేకుల గదిని అలా మార్చి చుట్టాల మెప్పు పొందినదాన్ని మరి.) నర్సు చదువు అవగానే చర్ల వైపు అడవి ఊళ్ళు తిరిగే దవాఖానా బండిలో ఉద్యోగం దొరికింది. వారంలో నాలుగు రోజులు వంటా, పడకా, వైద్యమూ ఆ పాత వ్యానులోనే. డాక్టరమ్మా నేనూ లోపల పడుకునేవాళ్ళం. మేము బాబాయి అని పిలిచే డ్రైవరు బయట మడతమంచం వేసుకునేవాడు.

కడుపుతో ఉన్న ఆడవాళ్ళు తలుపు దగ్గరే గోలీలు తీసుకుని వెళ్ళిపోయేవారు తప్ప, లోపలికి ఎక్కి పరీక్ష చేయించుకునేవారు కాదు. ఇలాగే సాగితే రెండు నెలల్లో బండిని వేరే జిల్లాకు పంపేస్తారని డాక్టరమ్మ చెప్పింది. నాకు దిగులు పట్టుకుంది. అసలెందుకు ఎక్కరు? కొత్తదానిలా కిందికి దిగి బండిలోకి తొంగి చూశాను. తుప్పు పట్టిన నేల, చిరిగిన ఆకుపచ్చ రెక్సిన్ బల్ల, స్పిరిట్ వాసన కొట్టే ఇనుప బీరువా. నాకే భయం వేసింది. ఇంకేం, ఆదివారం భద్రాచలం బజారుకు పోయి నేలకు నీలం పూల ప్లాస్టిక్ షీటు, గుండ్రటి అద్దం, గులాబీల స్టిక్కర్లు తెచ్చాను. అమ్మ పసుపు చీర (అడిగితే ఇవ్వదని అడగలేదు) చించి పరదాలు కుట్టాను. మోకాళ్ళ మీద కూర్చుని షీటు అంటిస్తుంటే బాబాయి చాలాసేపు చూసి, "ఇది దవాఖానా బండా, పెండ్లివారి ఇల్లా బిడ్డా?" అన్నాడు. నేనది పొగడ్త అనుకున్నాను.

చర్ల దాటాక మొదటి ఊళ్ళో బండి ఆగగానే ఊరంతా వచ్చింది. నా ఛాతీ ఉప్పొంగింది. కిటికీల్లోంచి పరదాలు పట్టి చూశారు, మెడలు చాచి అద్దంలో మొహాలు చూసుకున్నారు. ఒక ముసలమ్మ నేల మీది పువ్వును వేలితో గోకి, వాసన కూడా చూసింది. మధ్యాహ్నమైనా ఒక్క కాలు లోపల పడలేదు. ఇదివరకు మెట్టు మీదైనా నిలబడేవారు, ఇప్పుడు అదీ లేదు. ఆ ముసలమ్మ పక్కనే ఎనిమిదో నెల కోడలు నిలబడి ఉంది. ఉండబట్టలేక అడిగాను. "పెద్దమ్మా, లోపలికి రానీకి భయమా?"

"భయమెందుకు బిడ్డా? నాట్ల కాడికెళ్ళి వచ్చినం. ఇంత మంచిగున్న ఇంట్లకు బురద కాళ్ళతోని ఎట్ల ఎక్కుతం? ఇన్ని దినాల సంది చూస్తున్న, కాళ్ళకు నీళ్ళన్న పెట్టరైతిరి."

సిగ్గుతో నా మొహం మాడిపోయింది. మా అమ్మ వాకిట్లోకి ఎవరొచ్చినా ముందు చెంబుతో నీళ్ళు పెట్టేది. నీళ్ళు పెట్టకపోతే లోపలికి రమ్మననట్టే లెక్క. బాబాయి మెట్టు పక్కన బక్కెటూ చెంబూ పెట్టాడు. కోడలు కాళ్ళు కడుక్కుని ఎక్కింది, వెనకే మిగతావాళ్ళు. సాయంత్రానికి నా షీటు తడిసి, అంచులు లేచిపోయాయి. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

బండి వేరే జిల్లాకు పోలేదు. ఆ కోడలు కాన్పుకు మాతోనే పెద్ద దవాఖానాకు వచ్చింది. మనుషుల్ని రమ్మనడానికి బజారంతా గాలించిన ఆ ఇరవై రెండేళ్ళ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది. అన్నీ తెచ్చింది పాపం, ఇంట్లో నేర్చుకున్నది మాత్రం ఇంట్లోనే మరిచి వచ్చింది.