ఇద్దరికే చోటున్న కట్ట

మనుషులు ముగ్గురు. సైకిళ్లు మూడు: రెండు నల్లవి, ఒకే కొలత ఫ్రేములవి, గేర్లు లేనివి; ఒకటి ఎర్రది, ఆరు గేర్లది. నా సంచిలో పంపు, సొల్యూషన్ ట్యూబు, పాత ట్యూబు ముక్కలు, గరుకు కాగితం, రెండు స్పానర్లు. నా స్నేహితుడి కేరియర్ మీద వాళ్లమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా. మూడో అతను నీళ్ల సీసా ఒక్కటే తెచ్చాడు. ఎర్ర సైకిలు అతనిదే.

తొంభైల చివర, డిసెంబరులో ఒక ఆదివారం. నేనూ నా స్నేహితుడూ డిప్లొమా ముగించి స్టీలు ప్లాంటులో ట్రైనింగులో ఉన్నాం. గోదావరి జిల్లా నుంచి వచ్చిన మా రెండు కుటుంబాలూ కూర్మన్నపాలెంలో ఒకే వరసలో ఉండేవి. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆరో తరగతి నుంచీ వాడు నన్ను బావా అనేవాడు. మూడో అతను భీమిలి వాడు. ట్రైనింగులో పరిచయమై రెండు నెలలు. ఆ రెండు నెలల్లో బావా అన్న పిలుపు అతనికి వెళ్లిపోయింది. నాకు 'రా' మిగిలింది.

బస్సు టాపు మీద సైకిళ్లు వేసుకుని తగరపువలసలో దిగాం. అక్కడి నుంచి లోపలికి ఒకప్పుడు రాళ్ల క్వారీకి రైలు లైను ఉండేది. పట్టాలూ స్లీపర్లూ ఎత్తేశాక మట్టికట్ట మిగిలింది. రైలు కోసం వేసింది కాబట్టి ఎక్కడా నిటారు ఎత్తు లేదు, మలుపులన్నీ పెద్దవి. ఆ కట్ట సంగతి విని, వివరాలు కనుక్కుని, మ్యాపు గీసింది నేను. వాడితో కలిసి వెళ్దామని గీశాను. అతన్ని పిలిచింది వాడు. కట్ట మీద పక్కపక్కన రెండు సైకిళ్లకే చోటుంటుందని నా మ్యాపులో లేదు.

పొద్దున్నంతా వాళ్లిద్దరూ ముందు, నేను వెనక. వాళ్ల నవ్వులు వినిపించేవి, మాటలు వినిపించేవి కావు. వేరే పని లేక కల్వర్టులు లెక్కపెట్టాను.

క్వారీ దగ్గర పులిహోర తిన్నాం. నేను వేరుశనగ గుళ్లు తినను. ఎన్నో ఏళ్లుగా నా వాటాలోని గుళ్లు వాడే ఏరుకుని తినేవాడు. ఆ రోజు అతనితో కబుర్లలో పడి ఏరలేదు. నేనే ఏరి పక్కన పెట్టాను. చీమలు పట్టుకుపోయాయి.

తిరిగి బయలుదేరగానే వాడి సైకిలు ఆగిపోయింది.

"ఏటైంది బావా, సైను ఊడిపోయిందేటి?" అన్నాడు అతను.

"సైను బాగానే ఉంది. తొక్కుతంటే ఖాళీగా తిరుగుతంది."

వెనక చక్రాన్ని తిప్పే ఫ్రీవీల్ పోయింది. నా సంచిలో ఉన్నవన్నీ పంక్చరుకే పనికొస్తాయి. అయితే ఫ్రీవీల్ పోయిన సైకిలు ముందుకు లాగకపోయినా దొర్లుతుంది. పక్కన తొక్కేవాడి భుజం పట్టుకుని కూర్చుంటే చాలు. మా కాలనీలో అందరం చేసిందే.

వాడు ఎర్ర సైకిలు వైపు తిరిగాడు.

"మన రెండు ఫ్రేములూ ఒకటే కొలత," అన్నాను నేను. "నా భుజమైతే నీ చేతికి సమంగా అందుతుంది. ఆ సైకిలు సీటు ఎత్తు. కాసేపటికి చెయ్యి లాగేస్తుంది."

"భుజానికి కూడా డ్రాయింగు గీసేసినావేట్రా?"

"పోన్లే బావా, ఇంజినీరు గారు మోత్తారంట. ఎక్కు," అని అతను నవ్వాడు.

వాడి చెయ్యి నా కుడి భుజం మీద పడింది. అతను వెనక్కి వెళ్లాడు. పొద్దున్నుంచీ మొదటిసారి వాడి మాటలు నాకు పూర్తిగా వినిపించాయి. స్కూల్లో మా ఇద్దరికీ కలిపి ఒకటే రెయిన్‌కోటు ఉండేదని గుర్తు చేశాడు. ఇంకా ఏదో చెప్పబోతుండగా సముద్రపు గాలి ఎదురు తిరిగింది. గేరు లేని సైకిలు, ఇద్దరి బరువు. నా హ్యాండిలు ఊగడం మొదలైంది. వెనక గేరు మారి టిక్కుమన్న చప్పుడు వినిపించింది.

"వదిలీ బావా, నాను సూసుకుంతాను."

భుజం మీద బరువు పోయింది. "అలిసిపోనావురా. మెల్లగా రా," అన్నాడు వాడు.

మిగతా దారంతా ఆ చేతిని అతని భుజం మీద చూస్తూ తొక్కాను. సగం దూరంలో అతనే అన్నాడు, "ఆయన్ని మల్లీ పట్టమందామా బావా? ఊపిరి తీసుకున్నాడు కదా."

"వద్దులే. ఆడు సెప్పడు గానీ రొప్పుతన్నాడు."

వెనక్కి తిరగకుండానే అన్నాడు. నిజమే, రొప్పుతున్నాను. నా ఊపిరి చప్పుడు వాడికి అంత దూరం నుంచి కూడా తెలుసు. చెయ్యి మాత్రం అక్కడి నుంచి కదల్లేదు.

తగరపువలస హైవే దగ్గర దిగి, వాడు చెయ్యి రెండు మూడుసార్లు విదిలించుకున్నాడు. సీటు ఎత్తు గురించి నేను చెప్పింది నిజమే అయింది.

కల్వర్టులు మొత్తం పద్నాలుగు. వాడి చెయ్యి నా భుజం మీద మూడు దాటింది, అతని భుజం మీద పదకొండు.