కిడ్నీ బాగుందన్న సంతోషం

మంగళవారం. మబ్బు, ఉక్కపోత. పొద్దున్నే కొబ్బరి మొక్కలకు నీళ్లు పెట్టాను. అక్క ఫోన్ చేస్తే టెక్కలి ఆసుపత్రికి వెళ్లాను. బావ కళ్లు పచ్చగా ఉన్నాయి. జ్వరంతో వణుకుతున్నాడు.

కొన్నేళ్ల కిందట స్కానింగులో అతని పిత్తాశయంలో రాళ్లు కనిపించాయి. నొప్పి వస్తోంది గనక ఆ తిత్తి తీయించుకోమన్నారు. కానీ మా ఉద్దానంలో ఎవరికైనా కిడ్నీ జబ్బు భయం ఒక్కటే. కిడ్నీలు బాగున్నాయని తెలియగానే బావ వీధిలో మిఠాయి పంచాడు. ఏ రాళ్లయినా ఒకటే అనుకుని, కిడ్నీ రాళ్లకు తాగే అరటి దూట రసం తాగాడు. మాంసం తిన్న రోజు కుడి డొక్కలో నొప్పి వస్తే గ్యాసని సోడా తాగేవాడు. కాసేపటికి తగ్గేది, మరచిపోయేవాడు.

ఈ రోజు డాక్టరమ్మ రాగానే అతను అడిగిందీ అదే.

"అమ్మా, నా కిడ్నీ బాగున్నాదా?"

"ఇప్పటికి బాగుంది. తిత్తిలోంచి రాయి జారి పైత్యరసం దిగే గొట్టానికి అడ్డం పడింది. చీము పట్టి రక్తంలోకి పాకుతోంది. ఆలస్యమైతే కిడ్నీలు కూడా పాడవుతాయి."

బావ మొదటి మాటే విన్నాడు. నా వైపు తిరిగి నవ్వాడు.

"సూసినావేట్రా, నాను సెప్పలేదేటి? మనకి ఆ జబ్బు నేదు."

అక్క గోడ వైపు తిరిగింది.

కిడ్నీ ఒక్కటి బాగుంటే మనిషంతా బాగున్నట్టేనని మన వైపు ఎప్పుడు అనుకోవడం మొదలుపెట్టామో మీకెవరికైనా తెలిస్తే చెప్పండి. విశాఖ తీసుకెళ్లమన్నారు. అంబులెన్స్ వచ్చింది. బావ నడిచే ఎక్కుతానని లేచాడు గానీ నిలబడలేకపోతున్నాడు. వెళ్లి పట్టుకోవాలి, మిగతాది తర్వాత...