కదిరప్ప తెల్లరేకులు

కదిరప్ప మంత్రాలు వేస్తాడని మా నర్సరీలో ఒక మాట పుట్టింది.

"ఆయప్ప గొణిగిన మొక్క వారం తిరక్కుండా ఎండిపోతాదంట మే," అంది మునిలక్ష్మి, కుండీలకు నీళ్లు పోస్తూ. "ఆల్బా, ఆల్బుం అంటా ఉంటాడు. అది యా దేవుడి పేరు?"

2004 ఎండలకు రెండు మొక్కలు నిజంగానే పోయాయి. చందాపురలోని మా నర్సరీలో చెట్టు కింద పుట్టిన ఆ మాట ఓనర్ రాజగోపాల్ గారి దాకా వెళ్లింది.

మొక్కల పేర్ల రేకులు రాయడం కదిరప్ప తాత పని. ఆ రేకులకు తెల్లరంగు పూసేది నేను. వయసులో ఉన్నప్పుడు ఆయన పాదరీల బడిలో తోటమాలి. అక్కడి ముసలి ఫాదర్ ఆయనకు లాటిన్ పేర్లు నేర్పాడు. ఆల్బుస్ అంటే తెలుపు. ఒక రకం తోటకూరకు ఆల్బుస్, దేవగన్నేరుకు ఆల్బా, శ్రీగంధానికి ఆల్బుం. ముందున్న పేరు మగదా, ఆడదా, రెండూ కానిదా అన్నదాన్ని బట్టి తోక మారుతుంది.

"పట్టుపురుగులు తినే రేషం చెట్టు ఉండాదే, అది మోరుస్. మగపేరు మాదిరి ఉండాది గానీ దానికీ ఆల్బానే. ఆ కాలమోళ్లకి చెట్లంటే ఆడోళ్లే," అని నవ్వేవాడు. రోమ్‌లో తెల్లగా పూసిన పలక మీద సర్కారు సంగతులు రాసి బయట పెట్టేవారట. ఆ పలక పేరూ ఆల్బుమే. "నువ్వు పొద్దున్నుంచి చేస్తా ఉండేది అదే కదమ్మా."

సోమవారం రాజగోపాల్ గారు అందరి ముందూ ఆయన్ను ఒక మొక్క దగ్గర నిలబెట్టారు.

"లేబర్ భయపడుతున్నారు కదిరప్పా. నీది మంత్రమో, మొక్క పేరో ఇప్పుడే తేలాలి. ఈ బోర్డు చదువు. తప్పు చెబితే రేపట్నుంచి రావొద్దు."

తాత బోర్డు జోలికి పోలేదు. వంగి, తడిమి, ఆకు తుంచాడు. కారిన పాలను వేళ్ల మధ్య రాసుకున్నాడు.

"ప్లుమేరియా ఆల్బా సార్. దేవగన్నేరు."

రాజగోపాల్ గారు బోర్డు చూసుకుని తల ఊపారు. "సరే, పో. ఇకనైనా మనసులో అనుకో."

"మనసులో అనుకుంటే పని జరగదు సార్."

నేను తల దించుకున్నాను.

"చూసినావా మే, ఆకు తుంచందే మంత్రం పలకదు," అని మునిలక్ష్మి నా చెవిలో ఊదింది.

ఉగాది నుంచి కదిరప్ప తాతకు అక్షరాలు కనబడవు. ఏడో తరగతిలో బడి మానేసిన నాకు ఆయన మొక్క పేరు గొణిగి, తర్వాత ఒక్కో అక్షరమూ చెబుతాడు. రేకుల మీద రాస్తున్నది నేను.