చెప్పులు విడవని ప్రార్థన

అమెరికాలో మా తెలుగు సంఘానికి సొంత మందిరం లేదు. నగరంలోని ఒక నల్లజాతివారి చర్చి హాలులో ఆదివారం మధ్యాహ్నాలు ఆరాధించుకుంటాం. ముందే వచ్చి తాళం తీసి, హీటర్ వేసి ఉంచే ఆ చర్చి పెద్దావిడను మేమంతా ఆంటీ అనేవాళ్లం. ఆమె ఒక్కగానొక్క కొడుకు కారును ఆపి పోలీసులు అతన్ని కాల్చి చంపారు. ఎదురుతిరిగాడన్నారు. పోలీసు కెమెరాలోని వీడియో చూపించమని ఆమె అడిగింది. చూపించలేదు. అప్పటినుంచి వాళ్ల సంఘం ప్రతి శనివారం చర్చి నుంచి స్టేషన్ దాకా నడిచేది.

మావాళ్లు ఉపవాసముండి కన్నీళ్లతో ప్రార్థించారు. నడవడానికి మాత్రం జంకారు. "వీసా మీద ఉన్నాం కదా సిస్టర్" అన్నారు. ఆరు నెలలుండి వెళ్దామని గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ వినలేదు.

"కొడుకు పోయిన తల్లి నడుస్తుంటే మనం హాల్లో కూర్చుంటామా? పదవే."

స్టేషన్ ముందు వాళ్ల పాస్టరు ప్రార్థన మొదలుపెట్టగానే, అమ్మ అలవాటుగా చెప్పులు విడిచి కొంగు తలమీద కప్పుకుంది. కింద కరుగుతున్న మంచు. పక్కనున్న ముసలాయన కంగారుపడ్డాడు.

"అమ్మా, వేసుకోండి. ఇక్కడ మేం కళ్లు కూడా మూసుకోం. పోలీసులు మీదికొస్తే పరుగెత్తాలి."

నేను తెలుగులో చెప్పాను. అమ్మ చెప్పులకేసి చూసి, మళ్లీ వేసుకుంది.

"ఐగుప్తులో బానిసలు బయల్దేరే రాత్రి పస్కా భోజనం అట్టాగే తిన్నారులే, చెప్పులు తొడుక్కుని" అంది.

తర్వాతి వారం నుంచి నా పాత బూట్లు వేసుకొచ్చేది. లేసులు కట్టుకోవడం రాదు. ఆంటీయే వంగి కట్టి, "రెండు ముళ్లు, మమ్మా, ఎప్పుడూ రెండు" అని నవ్వేది.

చలి తగ్గే రోజుల్లో ఒక శనివారం ఆంటీని ఒక్కదాన్నే స్టేషన్ లోపలికి పిలిచారు, వీడియో చూడడానికి. మేం బయట కళ్లు తెరుచుకునే ప్రార్థించాం. ఆమె వచ్చి మెట్లమీద కూలబడింది.

"సర్, సర్ అంటూనే ఉన్నాడు. చేతులు కూడా పైకే ఉన్నాయి. పోలీసులు ఆపితే అలా ఉండమని నేర్పింది నేనే."

బూట్లు రెండూ లాగి పక్కన పడేసింది. "ఇంక నేను పరుగెత్తను" అంది.

ఆ ఇంగ్లీషులో అమ్మకు అర్థమైంది సర్ అన్న మాటొక్కటే. కింది మెట్టు మీద కూర్చుని, ఆంటీ పాదాలు ఒళ్లోకి తీసుకుని బూట్లు తొడిగింది. ఒక ముడి వేసింది. రెండోది జారిపోయింది. మళ్లీ కట్టసాగింది.